మామగారికి మాత్రలు, చేపలకి బెల్లం

ప్రేమతో, శ్రద్ధతో, హోమ్‌సైన్సు డిగ్రీతో ఒక నిండు మనిషిని పైకి పంపించడం ఎలాగో ఎవరికైనా తెలుసుకోవాలనుంటే నన్నడగండి. ఆఖరి మెట్టు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తాను. ఆ ఆఖరి మెట్టు మీంచి మా మామగారు తన సొంత తెలివితేటలతో వెనక్కి తిరిగొచ్చేశారు గానీ, అందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఇది చదివేవాళ్ళలో కొత్త కోడళ్ళుంటే ఏం చెయ్యకూడదో నేర్చుకోండి. మామగార్లుంటే మాత్రం దయచేసి ఇక్కడితో ఆపెయ్యండి. మీకు లేనిపోని ఉపాయాలు తోస్తాయి.

మాది తాడేపల్లిగూడెం. నన్నిచ్చింది ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో ఉన్న పల్లెటూరికి. సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులో సగం బయటికి కనపడేలా పెట్టుకుని తిరిగే రోజులవి. ఆ ఊళ్ళో ఇళ్ళకన్నా చేపల చెరువులెక్కువ, మనుషులకన్నా శీలావతి చేపలెక్కువ. మా ఆయనకి భీమవరంలో చేపల మేత కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగేవారు. ఇక ఇంట్లో మిగిలేది అత్తగారు, మామగారు, నేను, వాడకం లేక తుప్పు పడుతున్న నా చదువు.

సరిగ్గా అలాంటప్పుడు మామగారికి షుగరొచ్చింది.

ఏలూరులో డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి ఆ మాట చెప్పగానే అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. మామగారు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. ఈ సామెత ఇంతకన్నా చక్కగా అతికిన సందర్భం తెలుగునాట ఇంకోటి ఉండదు. ఎందుకంటే కాఫీలో చెంచా నిలబడకపోతే అది కాఫీ కాదనే మనిషి ఆయన. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల్లోపల పండగలా ఉంది. డిగ్రీ పుచ్చుకున్న నాటినుంచీ ఒక రోగి కోసం ఎదురుచూస్తున్నాను. ఇంట్లోనే దొరికారు.

డాక్టరుగారు ఒక మాత్ర రాసి, "తీపి బాగా తగ్గించండి" అన్నారు. తగ్గించడం అనేది చదువుకోనివాళ్ళు చేసే పని అని నా ఉద్దేశం. నేను ఏకంగా తీపిని ఊరు దాటించాలని నిర్ణయించుకున్నాను. వస్తూ వస్తూ మందులషాపులో ఒక చిన్న తెల్లడబ్బా కొన్నాను. పైన నొక్కితే కిందనుంచి టిక్కుమని ఒక బుల్లి మాత్ర రాలుతుంది. పంచదారకన్నా ఎన్నో రెట్లు తీపి అనీ, షుగరు పెరగదనీ డబ్బా మీదే రాసుంది. రెండూ నిజమే. నా కథలో అబద్ధాలాడింది మనుషులే గానీ ఆ డబ్బా కాదు.

ఇంటికి రాగానే పంచదార డబ్బా, బెల్లం కుండ, అత్తగారు చేసుకున్న సున్నుండలు, ఆఖరికి దేవుడి దగ్గర నైవేద్యం పెట్టిన బెల్లంముక్కతో సహా మూటగట్టి పనిమనిషి చేతిలో పెట్టాను.

"దేవుడిక్కూడా షుగరొచ్చిందేంటమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"ముందుజాగ్రత్తండీ అత్తయ్యగారూ."

మామగారు తొలి మాత్రల కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు దించి, నా మొహంలోకి చూశారు.

"ఎలా ఉందండీ మావయ్యగారూ?"

"తియ్యగానే ఉందమ్మా."

"చూశారా మరి!"

"తియ్యగానే ఉంది. కానీ తీపి తిన్నట్టు లేదు."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో అన్నీ ఉన్నా మామగారి నోట్లో మాత్ర. ఆయన పాపం మర్యాద తెలిసిన మనిషి. కోడలు ఇచ్చిందని కిక్కురుమనకుండా తాగేవారు.

ఒక్క మామగారితో నా జ్ఞానం ఆగుతుందా? ఎదురింటి వరలక్ష్మిగారికి షుగరూ లేదు, బీపీ లేదు. ఉన్నదల్లా ఎవరేం చెప్పినా వినే గుణం. ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టుకుని, పంచదార తెల్లటి విషమనీ, బెల్లం దాని అక్కగారనీ గంటసేపు ఉపన్యాసం దంచాను. మర్నాటికల్లా ఆవిడ కూడా ఏలూరునుంచి డబ్బా తెప్పించుకుని, ఇంట్లో ఉన్న పంచదారంతా పుట్టింటికి పంపేశారు. మా ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీ తాగి, "ఏవండీ, ఇది... చాలా ఆరోగ్యంగా ఉందండీ" అని గబగబా చెప్పులు వెతుక్కునేవారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా పెదనాన్నగారైతే, కాఫీలో మాత్రే కదా వేసుకున్నాను అనే ధైర్యంతో, తను తెచ్చిన జిలేబీల పొట్లం తనే విప్పుకుని సగం అవగొట్టారు. మిగతా సగం ఆయన చేతే వెనక్కి పంపించేశాను.

ఒకసారి మామగారు నోరు విడిచి అడిగారు. "అమ్మాయ్, పాకం గారెలు తిని ఎన్నాళ్ళయిందో! నీ మాత్రలతో అవుతాయేమో చూడకూడదా?"

రోగి తనంతట తను అడిగాడు! నేను మూకుడు పెట్టి, నీళ్ళు పోసి, డబ్బా తల మీద టిక్కు టిక్కుమని వాయించి, మంట పెంచి, గరిటె పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు పక్కనే గారెలు వేస్తున్నారు.

"తీగ పాకం వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ."

"జిగురైనా తగుల్తోందా?"

వేలితో తీసి చూశాను. వేలు తడిసింది. అంతే. "కొంచెం ముదరాలనుకుంటానండీ."

ముదిరింది. ముదిరి ముదిరి మూకుడు ఖాళీ అయిపోయింది. పంచదార ఉంటేనే పాకం అనే సంగతి పొయ్యి దగ్గర నిలబడ్డ ఏ ఆడపిల్లకైనా తెలుసు. నాకు తెలియకపోవడానికి కారణం నేను చదువుకోవడం. ఓడిపోకుండా మళ్ళీ నీళ్ళు మరగబెట్టి, మాత్రలు వేసి, అందులోనే గారెలు నానేశాను. ఆ మాత్రలకి వేడి పడదట. మరిగేసరికి ఉన్న తీపి కూడా ఎగిరిపోయింది. మామగారు ఒక గారె నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మింగి, "ఉప్పు సరిపోయిందమ్మా" అన్నారు.

ఇంత తపస్సు చేసినా ఏలూరు వెళ్ళి పరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు సరికదా, కాస్త ఎక్కింది.

డాక్టరుగారు కళ్ళజోడు మీంచి చూశారు. "తీపేమైనా తింటున్నారా?"

మామగారు నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. "మా గడపలోకి పంచదార గింజ రాదండీ. బెల్లం వాసన కూడా రాదు. నాదండీ పూచీ."

"నిజమేనాండీ?" అని ఆయన మామగారిని అడిగారు.

మామగారు సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, "ఇంట్లో అయితే అస్సలు లేదండి" అన్నారు. ఎంత నికార్సయిన జవాబో చూడండి! ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"అయితే ఈ మందు చాలట్లేదన్నమాట" అని డాక్టరుగారు మాత్ర పెద్దది చేశారు. నేను గర్వంగా ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను. మళ్ళీ వెళ్ళినప్పుడూ ఇదే భాగోతం. ఆయన అడగడం, నేను పూచీ పడడం, మామగారు ఫ్యాను చూడడం, మాత్ర ఇంకాస్త పెరగడం.

అసలు గుట్టు చెరువుగట్టు మీద బయటపడింది. ఒకరోజు మామగారు ఫలహారం తినకుండా చెరువు దగ్గరికి వెళ్ళిపోతే, రాగిజావ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. గట్టు మీద తాటాకుల మకాం ఒకటుంటుంది. మేత బస్తాలు, వలలు, ఒక నీలం డ్రమ్ము అందులోనే. మా వైపు చేపల రైతులు తవుడులో బెల్లం కలిపి, డ్రమ్ములో పులియబెట్టి చెరువులో చల్లుతారు. నీరు బాగుంటుందనీ, చేప ఎదుగుతుందనీ వాళ్ళ నమ్మకం. ఈ సంగతి నాకు పెళ్ళయిన నాటినుంచీ తెలుసు. తెలిసీ బుర్రకి తట్టలేదంటే నా తెలివి ఏపాటిదో మీరే అంచనా వేసుకోండి. పంచదార కోసం దేవుడి గూడు వెతికినదాన్ని, చెరువుకి బస్తాలకొద్దీ వెళ్ళే నల్లబెల్లం గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు.

మకాంలోకి తొంగి చూశాను. మామగారు తవుడు బస్తా మీద బాసింపట్టు వేసుకుని, పిడికెడు బెల్లంముక్క చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని చప్పరిస్తున్నారు. మీసం చివర నల్లగా పాకం. నా ఇంట్లో రానని మొరాయించిన తీగ పాకం ఆ మీసానికి వేలాడుతోంది.

"మావయ్యగారూ!"

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. "కల్తీదేమోనని చూస్తున్నానమ్మా. కల్తీ బెల్లం వేస్తే చేపలకి మంచిది కాదు."

"ఎన్నాళ్ళనుంచి చూస్తున్నారండీ?"

"ఎప్పటికప్పుడు చూడాలమ్మా. నోరులేని జీవాలు."

"మీకు సిగ్గుగా లేదాండీ? మీ కోసం మేమందరం మాత్రల కాఫీలు తాగుతుంటే!"

అప్పుడాయన అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "చేపలకి బెల్లం పెట్టి, మనిషికి మాత్రలు పెట్టే కొంప మనదొక్కటేనమ్మా. వచ్చే జన్మంటూ ఉంటే ఈ చెరువులోనే బొచ్చెచేపనై పుడతాను."

నేను చలించలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు హోమ్‌సైన్సు చదవలేదు. అక్కడున్న బెల్లమంతా ఆయన కళ్ళముందే డ్రమ్ములో కుమ్మరించి కలిపేశాను. ఇకనుంచి చెరువుకి కావలసిన బెల్లాన్ని కొట్టులోనే తవుడులో కలిపించి పంపాలని ఆ సాయంత్రం మా ఆయనచేత కొట్టువాడికి గట్టిగా చెప్పించాను. దొంగ దొరికాడు, దారి మూసేశాను, ఇక షుగరు దిగక చస్తుందా అని హాయిగా నిద్రపోయాను.

షుగరు దిగింది. దిగుతూనే ఉంది.

మూడోనాడు ఎండపొద్దుకి మామగారు చెరువు దగ్గర్నుంచి నడిచొచ్చి అరుగు మీద కూలబడ్డారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి.

"అమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నాయమ్మా. ఒళ్ళు తేలిపోతోంది."

ఆదివారం పేపర్లో నేను చదివిన ముక్క ఒకటి టక్కున గుర్తొచ్చింది. షుగరు బాగా పడిపోతే చెమటలు పట్టి వణుకొస్తుంది, వెంటనే తియ్యటిదేదైనా పట్టించాలి. చూశారా నా చదువు! రోగం సరిగ్గానే పట్టుకున్నాను. మందు కూడా సరిగ్గానే గుర్తుంది. తియ్యటిది కావాలి. పంచదారకన్నా ఎన్నో రెట్లు తియ్యటిది నా చేతిలోనే ఉండగా భయమెందుకు?

గ్లాసుడు నీళ్ళు తెచ్చి, డబ్బా నొక్కాను. టిక్కు. టిక్కు. టిక్కు.

"తాగండి మావయ్యగారూ. తియ్యగా ఉందాండీ?"

"ఉందమ్మా."

"తగ్గిందాండీ?"

"లేదమ్మా."

"అయితే తీపి చాలట్లేదన్నమాట" అని ఇంకో గ్లాసు కలిపాను.

ఆ గ్లాసూ అయింది. మామగారి మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. అత్తగారు పరుగున వచ్చి, "నీ మాత్రలు ఆపవే తల్లీ, కాస్త పంచదార చూడు!" అన్నారు. ఎక్కడని చూడను? మా ఇంట్లో ఉంటే కదా! అత్తగారు గుమ్మంలోంచే ఎదురింటివైపు కేకేశారు. "వరలక్ష్మిగారూ! ఆయనకి షుగరు పడిపోయిందండీ! తొందరగా కాస్త పంచదార పట్రండి!"

వరలక్ష్మిగారు కొంగు బిగించుకుని పరిగెత్తుకొచ్చారు. చేతిలో తెల్లడబ్బా. "కంగారు పడకండి, నా దగ్గర నిండు డబ్బా ఉంది!"

"అది కాదండీ, మామూలు పంచదార! అసలు పంచదార!"

"అయ్యో రామ! మీ కోడలుగారు చెప్పిన దగ్గర్నుంచీ మా ఇంట్లో మాత్రం ఎక్కడుందండీ? కొట్టుకి పరిగెడతానుండండి" అని ఆవిడ ఊరి చివరి కొట్టువైపు పరుగు తీశారు.

అప్పుడు నాకు భయం వేసింది. నిజంగా భయం. అప్పటిదాకా ఆయన నాకొక రోగి. ఆ క్షణంలో మాత్రం, పెళ్ళయిన కొత్తలో నాకు బెంగగా ఉందని తెలిసి, అడక్కుండానే ఆటో కట్టించి తాడేపల్లిగూడెం పంపిన మనిషి కళ్ళముందు కనపడ్డారు. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నేను ఏడుపు లంకించుకున్నాను.

మామగారు బరువుగా కళ్ళెత్తారు. "అమ్మాయ్... ఒకటి చెబుతాను. తిట్టకూడదు."

"తిట్టనండీ! చెప్పండి!"

"తీసి పారెయ్యకూడదు."

"ఏంటో చెప్పండి మావయ్యగారూ!"

"ముందు ఒట్టెయ్యి."

ప్రాణం పోతోంది, ఆయన బేరం ఆడుతున్నారు! జీవితమంతా చేపల వ్యాపారులతో బేరమాడిన నోరు మరి. "ఒట్టండీ బాబూ, మీ మీదొట్టు!" అన్నాను.

"నా మీద వద్దమ్మా... ఇప్పుడు నమ్మకం లేదు. నీ మీద వేసుకో."

వేసుకున్నాను. అప్పుడు పెదవులు తడుపుకుని, "నీ... కాలేజీ పుస్తకాల పెట్టె..." అన్నారు.

ఆఖరి ఘడియల్లో ఆయనకి నా చదువు గుర్తొచ్చిందని నాకు దుఃఖం ఇంకా పొంగుకొచ్చింది. "అయ్యో మావయ్యగారూ, ఇప్పుడు నా చదువెందుకండీ!" అని భోరుమన్నాను.

"చదువు కాదమ్మా... అడుగున... డబ్బా."

పరిగెత్తాను. నా గదిలో, నా మంచం కింద, నా సొంత రేకుపెట్టె. తాళం లేదు, ఎందుకంటే దాన్ని తీసేవాళ్ళెవరూ లేరు, నాతో సహా. మూత మీద పెళ్ళినాటి దుమ్ము అలాగే ఉంది, గొళ్ళెం దగ్గర మాత్రం ఎవరో తుడిచినట్టు తళతళలాడుతోంది. పుస్తకాలు బయటికి విసిరేస్తూ పోతే, పోషకాహారం మీద నేను ఫస్టుక్లాసులో పాసైన లావుపాటి పుస్తకం కింద తగరపు డబ్బా. డబ్బాలో పటికబెల్లం. ఇల్లంతా గాలించిన నేను ఒక్క చోటే చెయ్యి పెట్టనని ఆయనకి తెలుసు. చెరువు దారి మూసేశాక కూడా దీన్నెందుకు తినలేదంటే, కాపలా కాస్తూ నేను ఇల్లు కదిలితే కదా!

అత్తగారు నా చేతిలోంచి డబ్బా లాక్కుని, పటికబెల్లం నలగ్గొట్టి, నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా పట్టించారు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి వణుకు తగ్గింది. మొహంలోకి రంగొచ్చింది. వరలక్ష్మిగారు పంచదార పొట్లంతో రొప్పుకుంటూ వచ్చేసరికి మామగారు లేచి కూర్చుని, నావైపు చూసి, పునర్జన్మలో తొలి మాట మాట్లాడారు.

"ఇంకో ముక్క పెట్టమ్మా."

అన్నం తినిపించి, కారు మాట్లాడుకుని ఏలూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు అంతా విని నన్నడిగారు. "పడిపోయినప్పుడు ముందేం పెట్టారమ్మా?"

చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశారు. "ఆ మాత్ర తియ్యగా ఉందని నాలుకకి చెబుతుంది గానీ రక్తానికి ఏమీ చెప్పదమ్మా. షుగరు ఎక్కువున్న రోజున అదే దాని మంచితనం. పడిపోయిన రోజున అది మంచినీళ్ళతో సమానం." తర్వాత మామగారి వైపు తిరిగారు. "చెరువు దగ్గర బెల్లం ఎప్పటినుంచి తింటున్నారండీ?"

"మీరు మొదటిసారి వద్దన్న దగ్గర్నుంచేనండి" అన్నారు మామగారు వినయంగా.

"భేష్! అంటే ఇన్నాళ్ళూ నేను మందు పెంచింది మీ దొంగతనానికన్నమాట. ఈ అమ్మాయి దొంగతనం ఆపించి మందు మాత్రం అలాగే ఉంచింది. పడిపోక ఏమవుతారు?"

మాత్ర తగ్గించారు. ఇంట్లో కాస్త పంచదార తప్పకుండా ఉంచమన్నారు. మామగారిని కూడా, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి, చొక్కా జేబులో పటికబెల్లం ముక్క పెట్టుకునే బయటికెళ్ళమన్నారు. ఆ మాటకి మామగారు నావైపు చూసిన చూపు, కోర్టులో దావా గెలిచిన రైతు చూపు. అప్పటినుంచి అందరూ జేబులో సెల్‌ఫోను కనపడేలా పెట్టుకుంటే, మా మామగారు పటికబెల్లం పొట్లం కనపడేలా పెట్టుకుని తిరిగేవారు. ఎవరైనా చూస్తే, "డాక్టరుగారి ఆర్డరండీ" అనేవారు.

ఆ రాత్రికే కబురు ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్న పలకరించడానికి జనం అరుగు నిండా కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడి, నా సంగతి ఇప్పుడు బయటపడుతుందా, కాసేపాగి బయటపడుతుందా అని వింటున్నాను. ఎవరో పెద్దాయన అడిగారు. "ఏవండీ, మీ కోడలుపిల్ల బాగా చదువుకున్నదటగా. సమయానికి దగ్గరుండి చూసుకుందా?"

మామగారు కాఫీ గ్లాసు దించి, నిమ్మళంగా అన్నారు. "ఆయ్, చూసుకుందండీ. చెయ్యగలిగిందంతా చేసింది. ఏ లోటూ చెయ్యలేదు. అయినా బతికిపోయాను."

అరుగంతా గొల్లుమంది. తలుపు వెనక నేను అక్కడికక్కడే, కుడిచెయ్యి ముందుకు చాచి, కొల్లేరు సాక్షిగా, కొల్లేటిలోని సమస్త బొచ్చెలూ శీలావతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ మనిషినీ బాగుచెయ్యబోను. విధిలేక చెయ్యాల్సే వస్తే, ఆయన ఏం తినకూడదో డాక్టరుగారిని అడిగే ముందు, ఏం తింటున్నారో దొంగగారినే మర్యాదగా కూర్చోబెట్టి అడుగుతాను. పూచీ మాత్రం చచ్చినా పడను.